ఏ ఆకుకు ఎంత ఎసరు

మా పిన్నివాళ్ళది పెదకూరపాడు. ఆమె పెట్టే టీకి ఆ వీధిలో పేరుంది. ఆ ధైర్యంతోనే, బంధువులెవరో డార్జిలింగ్ చూసొస్తూ తెచ్చిచ్చిన వంద గ్రాముల ఆకు ప్యాకెట్టు ఆమె చేతిలో పెట్టాను. రోజూ చేసినట్టే చేసింది. పాలు, నీళ్ళు కలిపి పొయ్యి మీద పెట్టి, అల్లం దంచి వేసి, రెండు చెంచాల ఆకు పోసి, మూడు పొంగులు రానిచ్చి వడకట్టింది. తాగి చూస్తే అల్లం పాలలా ఉంది. రంగు లేదు, చిక్కదనం లేదు, చివర్లో మాత్రం ఎక్కడో కాస్త చేదు.

"అంత డబ్బు పోసి గడ్డి కొనుక్కొచ్చార్రా వీళ్ళు" అంది పిన్ని.

ఆకు మంచిదే. పిన్ని చెయ్యీ మంచిదే. ఒక ఆకుకు నప్పే పద్ధతిని ఇంకో ఆకు మీద ప్రయోగించాం, అంతే. ఇలా అడగకుండానే అన్నిటికీ ఒకే మంత్రం వేసే అలవాటు మనకు టీ దగ్గరే కాదు, పిల్లల చదువుల దగ్గరా ఉంది. దాన్ని ఇక్కడ సాగదీయను. ఇక్కడ రాసేది చేతికి పని చెప్పేది. అలవాటుగా చేసే పనిని చూసుకుంటూ చేయడం నేర్చుకోవాలంటే టీ కంటే చవకైన అభ్యాసం నాకు కనపడలేదు. రోజుకు రెండుసార్లు ఎలాగూ పెడతాం, తప్పు చేశామో లేదో అయిదు నిమిషాల్లో నాలికే చెబుతుంది.

ముందు ఒక మాట. ఆకు టీ గొప్పది, బంకు టీ నాసిరకం అనే వాదన నాది కాదు. పల్లెటూరి టీ బంకు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. ఒక గిన్నెలో పాలు సన్న సెగ మీద కాగుతూనే ఉంటాయి. పక్క పొయ్యి మీద మసిలే నీళ్ళలో డస్టు వేసి, గుడ్డలో వడకట్టి, చిక్కటి డికాక్షన్ తీస్తారు. గ్లాసులో పంచదార, దాని మీద డికాక్షన్, దాని మీద పాలు. ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి మూరెడు ఎత్తు నుంచి ధారగా తిరగబోస్తే నురగ వస్తుంది. ఇందులో ప్రతి పనికీ కారణముంది. డస్టు అంటే చెత్త అనుకుంటారు చాలామంది. కాదు, అది రేణువు సైజుకు పెట్టిన పేరు. రేణువు ఎంత చిన్నదైతే నీళ్ళు అంత త్వరగా లోపలికి దిగి, రంగూ వగరూ అంత త్వరగా బయటికి లాగుతాయి. ఆ వగరును పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు పట్టి ఉంచుతుంది. అందుకే అంత స్ట్రాంగ్ టీ కూడా గొంతులో మెత్తగా దిగుతుంది. డస్టుకు, సీటీసీ పొడికి ఇదే సరైన పద్ధతి.

సీటీసీ అంటే ఆకును నలిపి, చీల్చి, ఉండ చుట్టడం. 1930 ప్రాంతంలో అస్సాంలో విలియం మెకర్చర్ అనే తోట అధికారి దీనికి యంత్రం రూపొందించాడు. పళ్ళున్న రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో ఎదురెదురుగా తిరుగుతుంటే మధ్యలో పడ్డ ఆకు చితికి, గుళికలై బయటికొస్తుంది. మన దేశంలో తయారయ్యే టీలో చాలా భాగం ఇప్పుడు ఇదే. కిరాణా కొట్లో మనం కొనే ప్యాకెట్లన్నీ దాదాపు ఇవే. ఆకును చిదపకుండా చుట్టి, పొడవుగా ఎండబెట్టిన పాత పద్ధతిని ఆర్థడాక్స్ అంటారు. పిన్ని చేతిలో పడ్డది అది. దానికి పొంగులు అక్కర్లేదు. అది మసిలించే సరుకు కాదు, నానబెట్టే సరుకు.

ఇక రకాల సంగతి. గ్రీన్ టీ చెట్టు వేరు, బ్లాక్ టీ చెట్టు వేరు అనుకునేవాళ్ళను చదువుకున్నవాళ్ళలోనే చూశాను. అన్నీ ఒకే మొక్క, కమీలియా సైనెన్సిస్. అందులో చైనా చిన్నాకు రకం, అస్సాం పెద్దాకు రకం అని రెండు ముఖ్యమైన తీరులున్నాయి గానీ, గ్రీనా బ్లాకా అన్నది కోసిన తర్వాత జరిగే పనిని బట్టి తేలుతుంది. అదేమిటో తెలియాలంటే వంటింట్లో వంకాయను చూస్తే చాలు. గుత్తి వంకాయకు నాలుగు పక్షాలుగా చీల్చిన కాయల్ని వెంటనే ఉప్పునీళ్ళలో వేయకపోతే నల్లబడతాయి. కోతపడ్డ చోట కణాలు చిట్లి, కాయలోని ఎంజైముకు గాలి తగిలి ఆ రంగు వస్తుంది. టీ ఆకులోనూ అదే ఎంజైము, అదే పని. వంకాయలో మనం వద్దనుకునే ఆ నలుపునే బ్లాక్ టీ చేసేవాళ్ళు కోరి తెచ్చుకుంటారు. కోసిన ఆకును కొన్ని గంటలు వాడనిచ్చి, నలిపి, గాలికి వదిలి, రాగిరంగు తిరిగాక ఎండబెడతారు. గ్రీన్ టీలో ఆ పని మొదలవ్వకముందే ఆపేస్తారు. జపాన్‌వాళ్ళు ఆవిరి పట్టిస్తారు, చైనావాళ్ళు ఎక్కువగా వేడి మూకుళ్ళలో వేయిస్తారు. వేడికి ఎంజైము చచ్చిపోయి ఆకు పచ్చగానే ఉండిపోతుంది. ఊలాంగ్‌లో సగందాకా రానిచ్చి ఆపుతారు, ఎంత సగం అన్నదే ఆ పనివాడి నేర్పు. వైట్ టీ ఎక్కువగా మొగ్గలూ లేతాకులే. పెద్దగా ముట్టుకోకుండా వాడబెట్టి ఆరబెడతారు. చైనాలోని యునాన్‌లో ఏళ్ళ తరబడి మాగబెట్టే పుఎర్ అనేది ఒకటుంది. మొదటిసారి కొనేవాళ్ళకు దాని జోలి వద్దు.

ప్యాకెట్ మీద ఎఫ్‌ఓపీ, బీఓపీ అని ఇంగ్లీషు అక్షరాల దండ కనిపిస్తుంది. అందులో ఓ అంటే ఆరెంజ్, అయినా నారింజతో సంబంధం లేదు. బీ ఉంటే ఆకు విరిగిందని, లేకపోతే నిండాకని స్థూలంగా గుర్తుపెట్టుకోండి. విరిగినది త్వరగా దిగుతుంది, నిండాకు నెమ్మదిగా దిగుతుంది. అక్షరాలు ఎక్కువైతే రుచి ఎక్కువని భ్రమపడకండి. అవి చూపేది ఆకు తీరును, మొగ్గల పాలును. డార్జిలింగ్ పేరు మాత్రం ఊరికే వాడుకునేది కాదు. మన దేశంలో మొట్టమొదట భౌగోళిక గుర్తింపు దక్కింది దానికే, 2004లో. టీ బోర్డు గుర్తించిన 87 తోటల ఆకుకే ఆ పేరు చెల్లుతుంది. అక్కడ మార్చి, ఏప్రిల్‌లో వచ్చే తొలి చిగురుతో చేసినది పచ్చిపూల వాసనతో తేలికగా ఉంటుంది. మే, జూన్ చిగురు ముదురు రంగులో, పండు ద్రాక్ష వాసనతో వస్తుంది. అయినా నన్నడిగితే కొత్తవాళ్ళు నీలగిరి ఆర్థడాక్స్‌తో మొదలుపెట్టడం మేలు. ధర అందుబాటులో ఉంటుంది, నిమిషం అటూఇటూ అయినా అంత తొందరగా చేదెక్కదు, చల్లారినా మబ్బు పట్టదు. ఊటీ వెళ్ళినవాళ్ళు చాక్లెట్లతోపాటు కూనూరు ఆకు వంద గ్రాములు తెస్తే డబ్బుకు న్యాయం జరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఎసరు. గ్రీన్ టీకి 75 నుంచి 80 డిగ్రీలు అని ప్యాకెట్ మీద ఉంటుంది. వంటింట్లో థర్మామీటరు ఎవరి దగ్గరుంది? ఎనిమిదో శతాబ్దంలో చైనాలో లూ యూ అనే ఆయన టీ మీద పుస్తకమే రాశాడు. ఆయనా బుడగల్ని చూసే నీళ్ళ వేడి చెప్పాడు, చేప కళ్ళంత బుడగలని మొదలుపెట్టి. మన ఆడవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. ఎసరు ఎప్పుడు కాగిందో, బియ్యం ఎప్పుడు పోయాలో గది బయటి నుంచే చప్పుడు విని చెప్పగలరు. ఆ చెవినే టీకి వాడాలి. గిన్నె అడుగున ఆవగింజలంత బుడగలు అంటుకుని, పైన సన్నగా ఆవిరి లేస్తుంటే అది గ్రీన్ టీ వేడి. ఆ బుడగలు కందిగింజలంతై, తీగలు తీగలుగా పైకి లేస్తూ గిన్నె సన్నగా పాట అందుకుంటే వైట్ టీకి, డార్జిలింగ్ తొలి చిగురుకు, లేత ఊలాంగ్‌కు సరిపోతుంది. పాట ఆగి నీళ్ళు తెర్లుతుంటే అస్సాం, నీలగిరి బ్లాక్ టీలకు. ముందే ఒకసారి మసిలించిన నీళ్ళయితే ఇంకా తేలిక. ఒక స్టీలు గ్లాసులోంచి ఇంకో చల్లటి గ్లాసులోకి తిరగబోసిన ప్రతిసారీ ఓ పది డిగ్రీలు తగ్గుతుంది. గ్రీన్ టీకి రెండుసార్లు తిరగబోస్తే చాలు.

బరువు తగ్గుదామని గ్రీన్ టీ మొదలుపెట్టి, మొహం వంకరగా పెట్టుకుని కషాయంలా మింగేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. తెర్లే నీళ్ళు పోసి, ఆకు అందులోనే వదిలేసి, ఫోను చూసుకుంటూ పది నిమిషాలకు తాగుతారు. చేదు రాక ఏం చేస్తుంది? ఆకులో కమ్మదనమిచ్చే థియనీన్ అనే పదార్థం తక్కువ వేడికే నీళ్ళలోకి దిగుతుంది. చేదూ వగరూ ఇచ్చే కాటెచిన్లకు, కెఫీన్‌కు వేడి ఎక్కువైతే, సమయం ఎక్కువైతే ఊపు వస్తుంది. వేడి తగ్గించి రెండు నిమిషాలకే వడకట్టండి. అదే ప్యాకెట్టు లేత పెసరకాయ ఉడికించినప్పటి వాసనతో వస్తుంది.

కొలతలు ఇవి. మామూలు టీ కప్పుకు, అంటే 150 మిల్లీలీటర్లకు, రెండు నుంచి రెండున్నర గ్రాముల ఆకు. చెంచా లెక్క ఇక్కడ మోసం చేస్తుంది. డస్టు బరువు, ఆకు గుల్ల. చెంచాడు డస్టుకు సరితూగాలంటే నిండాకు రెండు చెంచాలైనా పోయాలి. నేను మూడు వేళ్ళతో పట్టినంత ఆకు రెండుసార్లు వేస్తాను. బ్లాక్ టీకి మూడు నుంచి నాలుగు నిమిషాలు, డార్జిలింగ్ తొలి చిగురుకు రెండున్నర నుంచి మూడు, వైట్ టీకి అయిదు దాకా. ఊలాంగ్‌కు మూడు నిమిషాలు, అదే ఆకుకు మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోయొచ్చు. రెండో నీళ్ళే బాగుంటాయని నా అభిప్రాయం. మూత పెట్టడం మరవకండి, వాసనంతా ఆవిరితో పోతుంది. గొలుసుకు వేలాడే చిన్న జల్లెడ ఉండలు కొనకండి, ఆకు విచ్చుకోవడానికి చోటుండదు. రెండు గిన్నెలు, ఒక మూత, ఒక టీ జాలీ చాలు.

చాలామందికి కుదరనిది కొలత కాదు, ఆ మూడు నిమిషాలు. చెంచాతో కలుపుతారు, మూత తీసి చూస్తారు, రంగు రాలేదని ఇంకో చిటికెడు వేస్తారు. రంగుతో పనేముంది? డార్జిలింగ్ తొలి చిగురు రంగు లేత తేనె దగ్గరే ఆగిపోతుంది. ఫోనులో మూడు నిమిషాలకు అలారం పెట్టి పక్కన కూర్చోండి.

ఒక ఆదివారం ఈ చిన్న ప్రయోగం చేయండి. ఒకే ఆకు, ఒకే కొలత, ఒకే వేడి, మూడు కప్పులు. ఒకటి రెండు నిమిషాలకు, ఒకటి నాలుగుకు, ఒకటి ఎనిమిదికి వడకట్టండి. వరసగా చప్పరించి, ఏది నచ్చిందో పాత డైరీలో ఒక్క ముక్క రాసుకోండి. మరుసటి వారం సమయం మార్చకుండా వేడి మార్చండి. ఒకేసారి రెండూ మారిస్తే ఏది ఏం చేసిందో తేలదు. టీ రుచి చూసే వృత్తిలోవాళ్ళకూ ఇలాంటి కట్టుబాటే ఉంది. 1980లో వచ్చిన ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల మసిలే నీళ్ళకు 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. ఆ టీ తాగితే మన మొహాలు ముడుచుకుంటాయి. వాళ్ళకు కావలసింది హాయి కాదు, ఆకులోని లోపం దాక్కోకుండా బయటపడడం.

మా పల్నాడులో ఉన్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. నీళ్ళు. మనది సున్నపురాయి నేల. పిడుగురాళ్ళ సున్నం బట్టీలు నిలబడ్డది దాని మీదే. బోరు నీళ్ళలో చాలాచోట్ల సున్నం, ఉప్పు ఎక్కువ. అన్నం గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే నీళ్ళతో ఆకు టీ పెట్టి చూడండి. వాసన అణగిపోతుంది, రంగు మసకబారుతుంది, కాసేపటికి పైన నూనె తెట్టులా ఒక పొర తేలుతుంది. అది నూనె కాదు. నీళ్ళలోని కాల్షియానికీ, టీలోని పదార్థాలకూ గాలి తగిలి కట్టిన పొర. నాలుగు చుక్కల నిమ్మరసం పడితే కరిగిపోతుంది, రంగూ తేలికవుతుంది. పాల టీలో ఈ తేడా అంతగా కనపడదు కాబట్టి ఇన్నాళ్ళూ మనం పట్టించుకోలేదు. ఆకు టీకి మాత్రం వాటర్ ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాను నీళ్ళే వాడండి, లేదా నాగార్జునసాగర్ కాలువ నీళ్ళతో నింపే మంచినీటి చెరువున్న ఊరైతే ఆ నీళ్ళు కాచి వాడండి. మరీ ఖనిజాలన్నీ తీసేసిన నీళ్ళలో టీ కొంచెం చప్పగా అనిపిస్తే, మూడొంతులు క్యాను నీళ్ళకు ఒక వంతు కాచిన చెరువు నీళ్ళు కలిపి చూడండి. నాకు ఆ పాళ్ళు నచ్చాయి.

రెండోది మిరప. కల్లాల్లో కాయ ఎండే రోజుల్లో, ఇంట్లో టిక్కీలు పేర్చిన రోజుల్లో, కారం పట్టించి తెచ్చిన రోజు మరీనూ, టీ ఆకు డబ్బా మూత తీసి వదిలేస్తే ఆ ఘాటంతా ఆకు పీల్చేసుకుంటుంది. ఎండిన టీ ఆకు దూదిలాంటిది, పక్కన ఏముంటే ఆ వాసన పట్టేస్తుంది. పోపులపెట్టె పక్కన, ఇంగువ పక్కన, అగరొత్తుల పక్కన పెట్టకండి. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా, వెలుతురు తగలని అర. ఒకేసారి కిలో కొనకండి, వంద గ్రాములు కొని రెండు నెలల్లో తాగేయండి.

విడిగా అమ్మే పొడి మీద అనుమానం వస్తే ఆహార భద్రతా సంస్థ చెప్పే తేలిక పరీక్ష ఉంది. వడపోత కాగితం మీద కొంచెం పొడి పరిచి, నీళ్ళు చిలకరించి, కాసేపాగి పొడి తీసేసి, కాగితాన్ని కడిగి వెలుతురుకు పట్టి చూడండి. రంగు కలిపిన పొడి అయితే కాగితం మీద మరకలు మిగులుతాయి. ఇంకో జాగ్రత్త, భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. రక్తం తక్కువున్న ఆడవాళ్ళు గంటైనా ఆగడం మంచిది.

మళ్ళీ పిన్ని దగ్గరికి వస్తాను. వారం తర్వాత మిగిలిన ఆకుతో నేనే పెట్టాను. క్యాను నీళ్ళు కాచి, ఒకసారి తిరగబోసి, ఆకు మీద పోసి, మూత పెట్టి మూడు నిమిషాలు. వడకట్టాక జాలీలో మిగిలిన ఆకును పళ్ళెంలో పరిచి చూపించాను. ఎండు పుల్లల్లా ఉన్నవి విచ్చుకుని మళ్ళీ ఆకులయ్యాయి. ఒకదాన్ని వేలితో సాగదీస్తే రెండాకులు, మధ్యలో సన్నటి మొగ్గ, ఆకు అంచున రంపపు పళ్ళు, కాడ దగ్గర గోటితో తుంచిన ఆనవాలు. పిన్ని దాన్ని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. "ఇన్నీ చేత్తోనే తుంచుతారా?" అంది. మిరపకాయ కోతకు వెళ్ళినవాళ్ళకు వచ్చే ప్రశ్న అది. ఇలాంటి ఆకు చేత్తోనే తుంచుతారని చెప్పాను. పందొమ్మిదో శతాబ్దంలో విశాఖ, గంజాం వైపు నుంచి అస్సాం తోటలకు కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ సంగతీ, వాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడే ఉన్న సంగతీ చెప్పాను. కప్పు అందుకుని పంచదార లేకుండానే తాగింది.

"బానే ఉంది. ఇప్పుడు టీ పెట్టనా మరి?"

పెట్టింది, తాగాను కూడా. ఆకు టీ ఆవిడ రోజువారీ టీని తోసెయ్యలేదు, తోసెయ్యాల్సిన పనీ లేదు. కానీ ఎండలు ముదిరాక ఆవిడే అడిగి చేయించుకున్నది ఒకటుంది. రెంటచింతల ఎండ సంగతి పేపర్లో రోజూ కనపడే రోజుల్లో వేడి టీ ఎవరికి దిగుతుంది? అర లీటరు చల్లటి మంచినీళ్ళలో అయిదు గ్రాముల నీలగిరి ఆకు వేసి, మూత పెట్టి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నే వడకట్టండి. చల్లటి నీళ్ళలో వగరు సరిగా దిగదు కాబట్టి పంచదార అడగదు. ఫ్రిజ్ బయట మాత్రం నానబెట్టకండి, ఆ వేడికి పులిసిపోతుంది.

ఆ ఎండల్లోనే మల్లెలూ వస్తాయి. ఆకు పక్క వాసన పట్టేస్తుందన్నాను కదా, చైనాలోని ఫూజౌవాళ్ళు ఆ గుణాన్నే పనికి పెట్టారు. వాళ్ళ మల్లె టీలో వాడే పువ్వు మన మల్లెపువ్వే. సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గల్ని ఆకుతో కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున్న పువ్వులు ఏరేస్తారు. మంచి రకానికి ఇలా చాలా రాత్రులు చేస్తారు. ఇంట్లోనూ చేయొచ్చు. యాభై గ్రాముల గ్రీన్ టీ ఆకుకు గుప్పెడు మొగ్గలు, పలుచటి గుడ్డలో వదులుగా కట్టి డబ్బాలో పెట్టండి. పొద్దున్నే మూట తీసేసి, ఆకును ఆరిన పళ్ళెంలో నీడన కాసేపు పరవండి, పువ్వు తడి మిగిలితే బూజు పడుతుంది. రెండు మూడు రాత్రులు అలా చేస్తే సరిపోతుంది. బజారు పూలకు మందు కొట్టి ఉండొచ్చు కాబట్టి ఇంటి చెట్టువే వాడండి.

పిన్నివాళ్ళ గుమ్మం పక్కన మల్లెపాదు ఉంది. డబ్బా తీసుకుని సాయంత్రం మొగ్గలు కోయబోతుంటే ఆవిడ అడ్డుపడింది. "తల్లో పెట్టుకునే పూలు టీ డబ్బాలో పోస్తార్రా ఎవరైనా?" చెప్పినదంతా విని, చివరికి ఆవిడే కోసింది. సగం డబ్బాలోకి వచ్చాయి, సగం జడలోకి వెళ్ళాయి.